600005: ఒక పెద్ద సంఖ్యను ఆమూలాగ్రం పరిశీలించే పద్ధతి

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ప్రతి చిరునామా చివర రాసే ఆరంకెల పిన్ కోడ్‌ను సాధారణంగా ఎవరూ సంఖ్యగా చూడరు. తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఆ కోడ్ ఒక గుర్తు మాత్రమే. అందులో మొదటి అంకె మండలాన్ని, చివరి మూడంకెలు ఉత్తరాన్ని బట్వాడా చేసే పోస్టాఫీసును తెలుపుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల కోడ్‌లు 5తోనూ, తమిళనాడు, కేరళల కోడ్‌లు 6తోనూ మొదలయ్యేది అందుకే. అయినా ఆ ఆరంకెలను ఒక పూర్ణసంఖ్యగా తీసుకుని, దాని లోపల ఏముందో కాగితం మీద కనిపెట్టడం హైస్కూలు పిల్లలకు ఎంతో ఉపయోగపడే అభ్యాసం. లక్షల్లో ఉండే సంఖ్య చేత్తో లెక్క కట్టగలిగినంత చిన్నది, చూసిన వెంటనే దాని గుణాలు చెప్పలేనంత పెద్దది.

ఇక్కడ ప్రధాన ఉదాహరణగా ట్రిప్లికేన్, చేపాక్ ప్రాంతాల కోడ్ అయిన 600005ను తీసుకుంటున్నాను. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరి, 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి పరిశోధక వేతనం పొంది, 1914 మార్చిలో ఇంగ్లండుకు ఓడ ఎక్కిన శ్రీనివాస రామానుజన్ ట్రిప్లికేన్‌లో నివసించారు. ఆయనకు వేతనం ఇచ్చిన విశ్వవిద్యాలయం నేటికీ చేపాక్‌లో ఇదే కోడ్ కింద ఉంది. సంఖ్యల స్వభావాన్ని ఆయన అంతగా ఎరిగిన వారు అరుదు కనుక, అభ్యాసాన్ని ఆయన పేటతో మొదలుపెట్టడం సముచితం.

పని మొదలుపెట్టే ముందు ఒక క్రమాన్ని మనసులో ఉంచుకోవాలి. సంఖ్య గురించి పుస్తకాల్లో కనిపించే విశేషణాలు చాలా ఉన్నాయి: ప్రధానం, సంయుక్తం, పరిపూర్ణం, న్యూనం, అధికం, వర్గరహితం, ఇంకా ఎన్నో. వాటిని ఒక్కొక్కటిగా విడివిడిగా పరీక్షించబోతే రోజంతా సరిపోదు. సంఖ్యను ప్రధాన కారణాంకాల లబ్ధంగా ఒక్కసారి సరిగా రాయగలిగితే, వాటిలో అధిక భాగం రెండు మూడు గుణకారాలతో తేలిపోతాయి. కాబట్టి శ్రమలో ఎక్కువ పాలు కారణాంకాల మీదే పెట్టాలి, తొందరపడకూడని చోటు కూడా అదే.

చివరి అంకెలు చెప్పే విషయాలు

ముందుగా సంఖ్యను పైకి చదవండి: ఆరు లక్షల ఐదు. ఇది బేసి సంఖ్య కాబట్టి 2 దీని కారణాంకం కాదు. అంకెల మొత్తం 11, దాన్ని 3తో భాగిస్తే శేషం 2, కాబట్టి 3 కూడా కాదు. (10ని 3తో భాగిస్తే శేషం 1 రావడం వల్ల 100, 1000 వంటి స్థానవిలువలన్నిటికీ శేషం 1గానే ఉంటుంది. అంకెల మొత్తం చూసే సూత్రానికి ఆధారం ఇదే, పిల్లలకు సూత్రంతో పాటు ఈ కారణం కూడా చెప్పడం మంచిది.) చివర 5 ఉంది కనుక 5 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. చివరి రెండంకెలు 05, అంటే 00, 25, 50, 75లలో ఏదీ కాదు కనుక 25 భాగించదు.

ఈ చిన్న పరిశీలన నుంచే ఒక పెద్ద నిర్ణయం వస్తుంది. ఈ సంఖ్యలో 5 సరిగ్గా ఒక్కసారే ఉంది. వర్గసంఖ్యలో ప్రతి ప్రధాన కారణాంకమూ సరిసార్లు, ఘనసంఖ్యలో మూడు మూడుసార్లు రావాలి. కాబట్టి 600005 వర్గమూ కాదు, ఘనమూ కాదు, మరే సంఖ్యకూ ఘాతం కాదు. ఒక్క భాగహారం కూడా చేయకముందే ఇన్ని సంగతులు తెలిశాయి.

కారణాంకాల వేట

ఒక సంఖ్య సంయుక్తమైతే దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా రాయవచ్చు, ఆ రెంటిలో చిన్నది మొత్తం సంఖ్య వర్గమూలాన్ని మించదు. 774 వర్గం 599076, 775 వర్గం 600625. అంటే 600005కు హద్దు 774. అయితే ఈ హద్దు చివరి వరకూ పట్టుకుని కూర్చోవలసినది కాదు. 5తో భాగించగానే భాగఫలం 120001 అవుతుంది, ఇక వెతకవలసింది అందులోనే కనుక హద్దు దాని వర్గమూలమైన 346కు పడిపోతుంది. కారణాంకం దొరికిన ప్రతిసారీ హద్దును తిరిగి లెక్కించడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ తగ్గించే అలవాటు. మొదట రాసుకున్న 774 వరకూ భాగిస్తూ పోయే విద్యార్థి గంట సేపు వృథాగా కష్టపడతాడు.

తరువాత 7, 11, 13. ఈ మూడింటినీ కలిపి ఒకేసారి పరీక్షించడానికి 7 × 11 × 13 = 1001 అనే సమానత్వం చక్కగా పనికివస్తుంది. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడదీసి, గుంపులను ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీసివేస్తూ పోవాలి. మన పద్ధతిలో లక్షలకూ కోట్లకూ కామాలు రెండేసి అంకెలకు పడతాయి కాబట్టి, ఈ పరీక్ష చేసేటప్పుడు కామాలను నమ్ముకోకుండా మూడేసి అంకెలు లెక్కపెట్టుకోవాలి. నేను ఈ వ్యాసంలో కామాలు వాడకపోవడానికి కారణం అదే. 120001లో గుంపులు 120, 001. కుడి గుంపులోంచి ఎడమ గుంపు తీసివేస్తే 1 − 120 = −119. దీని అర్థం ఏమిటంటే 120001 = 120 × 1001 − 119. మొదటి భాగాన్ని 7, 11, 13 మూడూ భాగిస్తాయి కాబట్టి నిర్ణయం 119 మీద ఆధారపడుతుంది. 119 = 7 × 17. కాబట్టి 7 భాగిస్తుంది, 11, 13 భాగించవు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 119లో 17 కూడా ఉంది కదా అని 120001ని 17 భాగిస్తుందనుకోకూడదు. 1001లో 17 లేదు కనుక ఈ పరీక్ష 17 గురించి ఏమీ చెప్పదు. భాగించి చూస్తే 17 × 7058 = 119986, శేషం 15. ఏ సూత్రమైనా ఏ సంఖ్యల కోసం పుట్టిందో ఆ సంఖ్యల వరకే చెల్లుతుంది.

120001ని 7తో భాగిస్తే 17143. వెంటనే 17కు వెళ్లిపోకుండా 7నే మళ్లీ పరీక్షించాలి. చాలామంది పొరపాటు పడేది ఈ మెట్టు దగ్గరే. 143 − 17 = 126, అది 7 × 18. కనుక 7 మరోసారి భాగిస్తుంది, భాగఫలం 2449. మూడోసారి చూద్దాం: 449 − 2 = 447, దాన్ని 7తో భాగిస్తే శేషం 6. ఇక్కడితో 7 పని ముగిసింది, అది సరిగ్గా రెండుసార్లు వచ్చింది. 11, 13 లేవని ముందే తేలింది కనుక వాటిని మళ్లీ చూడనక్కరలేదు.

మిగిలిన 2449 వర్గమూలం 49, 50 మధ్య ఉంది. అంటే 47 దాటి వెతకవలసిన పని లేదు. 17తో భాగిస్తే శేషం 1, 19తో 17, 23తో 11, 29తో 13. 31 వచ్చేసరికి 31 × 79 = 2449 అని సరిగ్గా సరిపోతుంది. 79 వర్గమూలం 9 కంటే తక్కువ, 2, 3, 5, 7 దాన్ని భాగించవు కాబట్టి అది ప్రధాన సంఖ్య.

ఈ చివరి మెట్టును గణితవేత్త ఫెర్మా చూపిన మరో దారిలో కూడా చేరవచ్చు, ఆ దారి అందంగా ఉంటుంది. వర్గమూలానికి పైనున్న 50తో మొదలుపెట్టి, ప్రతి సంఖ్య వర్గంలోంచీ 2449ని తీసివేస్తూ, మిగిలినది వర్గసంఖ్య అవుతుందేమో చూడాలి. 50కి మిగిలేది 51, 51కి 152, 52కి 255, 53కి 360, 54కి 467. ఇవేవీ వర్గసంఖ్యలు కావు. 55 వర్గం 3025, అందులోంచి 2449 తీసివేస్తే 576, అది 24 వర్గం. కాబట్టి 2449 = (55 − 24) × (55 + 24) = 31 × 79. రెండు కారణాంకాలు ఒకదానికొకటి మరీ దూరంగా లేనప్పుడు ఈ పద్ధతి త్వరగా ఫలిస్తుంది, దూరంగా ఉంటే మామూలు భాగహారమే మేలు.

మొత్తం మీద 600005 = 5 × 7² × 31 × 79. దీన్ని రాసిన వెంటనే తిరగేసి గుణించి సరిచూడాలి: 31 × 79 = 2449, దాన్ని 7తో గుణిస్తే 17143, మళ్లీ 7తో 120001, 5తో 600005. కాగితం మీద ఎడమ వైపు భాగఫలాలు, కుడి వైపు కారణాంకాలు, అంచున విఫలమైన భాగహారాల శేషాలు రాసుకుంటే, లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కోవడం సులభమవుతుంది. శేషాలు రాయకుండా మనసులో అనుకుని దాటవేసిన ప్రధాన సంఖ్యే తరువాత ఇబ్బంది పెడుతుంది.

అన్ని సంఖ్యలూ ఇంత తేలికగా విడిపోవు. టి. నగర్ కోడ్ 600017 చూడండి. 17 − 600 = −583, అది 11 × 53. కాబట్టి 11 భాగిస్తుంది, భాగఫలం 54547. దాని హద్దు 233. 7, 11 మళ్లీ భాగించవని చూసుకున్నాక 13 నుంచి 233 వరకు 46 ప్రధాన సంఖ్యలున్నాయి, ఒక్కటీ 54547ను భాగించదు. ఆ 46 భాగహారాలూ ఓపికగా చేసిన తరువాత మాత్రమే 54547 ప్రధాన సంఖ్య అని, 600017 = 11 × 54547 అని రాయడానికి హక్కు వస్తుంది. చూడటానికి ఒకే తీరుగా ఉన్న రెండు కోడ్‌లలో ఒకటి చిన్న కారణాంకాలుగా చిట్లిపోయింది, రెండోది పెద్ద ప్రధాన సంఖ్యను దాచుకుంది. సంఖ్య పైరూపం నుంచి ఈ తేడాను ఊహించలేము.

రామానుజన్, ఆంగ్ల గణితవేత్త హార్డీ కలిసి 1917లో ప్రచురించిన ఒక సిద్ధాంతం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. ఒక సంఖ్యకు సహజ సంవర్గమానం తీసుకుని, దానికి మళ్లీ సహజ సంవర్గమానం తీసుకుంటే వచ్చే విలువ చుట్టుపక్కలే అత్యధిక సంఖ్యల ప్రధాన కారణాంకాల లెక్క ఉంటుందని దాని సారాంశం. 600005కు ఆ విలువ దాదాపు 2.6. మన సంఖ్యలో వేర్వేరు ప్రధాన కారణాంకాలు నాలుగున్నాయి, 600017లో రెండే ఉన్నాయి. రెండూ ఆ అంచనాకు దగ్గరలోనే ఉన్నాయి.

భాజకాలు, వాటి మొత్తం, తరగతి

భాజకాల సంఖ్య తెలుసుకోవడానికి ప్రతి ఘాతానికీ 1 కలిపి గుణించాలి. 5కు రెండు అవకాశాలు (తీసుకోవడం, తీసుకోకపోవడం), 7కు మూడు, 31కి రెండు, 79కి రెండు: 2 × 3 × 2 × 2 = 24. వీటిలో సగం వర్గమూలానికి లోపల ఉంటాయి: 1, 5, 7, 31, 35, 49, 79, 155, 217, 245, 395, 553. మిగిలిన పన్నెండూ వీటి జంటలు. అన్నిటికంటే దగ్గరి జంట 553 × 1085. ఆ రెంటి సగటు 819, తేడాలో సగం 266, కనుక 819² − 266² = 670761 − 70756 = 600005. బేసి సంఖ్య ప్రతి భాజక జంట నుంచీ ఇలా రెండు వర్గాల తేడా ఒకటి పుడుతుంది కాబట్టి 600005ను అలా పన్నెండు విధాలుగా రాయవచ్చు.

24 భాజకాలు ఎక్కువా, తక్కువా అన్నది పోల్చి చూస్తేనే తెలుస్తుంది. తనకంటే చిన్నవైన సంఖ్యలన్నిటికంటే ఎక్కువ భాజకాలున్న సంఖ్యలను రామానుజన్ 1915లో ఒక సుదీర్ఘ పత్రంలో పరిశీలించారు. అలాంటి సంఖ్యల్లో 600005కు ముందు వచ్చే చివరిది 554400. అది 2⁵ × 3² × 5² × 7 × 11, దానికి 216 భాజకాలు. ఆ పత్రంలోని పట్టిక 6746328388800 దగ్గర ముగుస్తుంది. ఈ పదమూడంకెల సంఖ్య 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19 × 23. ఘాతాలకు 1 చొప్పున కలిపి గుణిస్తే 7 × 5 × 3 × 3 × 2⁵ = 10080 భాజకాలు. కారణాంక రూపం చేతిలో ఉంటే పదమూడంకెల సంఖ్య భాజకాలను లెక్కించడానికి అర నిమిషం చాలు. ఆ ఘాతాలు ఎడమ నుంచి కుడికి ఎక్కడా పెరగకపోవడం గమనించండి. పెద్ద ప్రధాన సంఖ్యకు చిన్నదాని కంటే ఎక్కువ ఘాతం ఇస్తే, ఆ రెంటి ఘాతాలనూ తారుమారు చేసి అవే భాజకాలున్న చిన్న సంఖ్యను తయారు చేయవచ్చు కదా.

భాజకాల మొత్తానికి ప్రతి ప్రధాన సంఖ్య ఘాతాలనూ విడిగా కూడి గుణించాలి: (1 + 5) × (1 + 7 + 49) × (1 + 31) × (1 + 79) = 6 × 57 × 32 × 80 = 875520. ఇందులోంచి సంఖ్యను తీసివేస్తే 275515 మిగులుతుంది. తన కంటే చిన్న భాజకాల మొత్తం తనతో సమానమైతే పరిపూర్ణ సంఖ్య, తక్కువైతే న్యూన సంఖ్య, ఎక్కువైతే అధిక సంఖ్య అంటారు. 275515 తక్కువ కాబట్టి 600005 న్యూన సంఖ్య. పరిపూర్ణమవుతుందేమోనన్న ఆశ మొదటి నుంచీ లేదు: పరిపూర్ణ సంఖ్యల వరుస 6, 28, 496, 8128 తరువాత ఒక్కసారిగా 33550336కు వెళుతుంది. ఆరంకెల పరిపూర్ణ సంఖ్య ఒక్కటీ లేదు, కనుక ఏ పిన్ కోడ్ కూడా పరిపూర్ణం కాలేదు.

నిజానికి ఈ సంఖ్య న్యూనమని చెప్పడానికి కూడిక కూడా అవసరం లేదు. 2, 3 రెండూ భాగించని అధిక సంఖ్యల్లో అతి చిన్నది 5391411025. దానికి లోపల ఉండి, 2తో గాని 3తో గాని భాగింపబడని సంఖ్య అధికం కాజాలదు. దీనికి ఎదురుగా, ఒకప్పుడు తెలుగు సినిమా పరిశ్రమకు నెలవైన కోడంబాక్కం కోడ్ 600024ను తీసుకోండి. అది సరి సంఖ్య, అంకెల మొత్తం 12, కాబట్టి 6 గుణిజం. 6 కంటే పెద్దదైన 6 గుణిజం ప్రతిదీ అధిక సంఖ్యే. 600024 సగం, మూడో వంతు, ఆరో వంతు కలిపితేనే 600024 అవుతుంది, ఆపైన 1ని కలిపినా చాలు, మించిపోతుంది. వర్గీకరణలో ఇలాంటి సాధారణ వాక్యాలు తెలిసి ఉండటం లెక్కకంటే విలువైనది.

600005లో 7² ఉంది కాబట్టి ఇది వర్గరహితం కాదు. దీనితో 1 తప్ప మరో ఉమ్మడి భాజకం లేని చిన్న సంఖ్యల లెక్క కావాలంటే, 5కు 4, 49కి 42, 31కి 30, 79కి 78 తీసుకుని గుణించాలి: 393120. ఆయిలర్ ప్రమేయంగా పేరున్న ఈ విలువ నేటి రహస్య లిపి శాస్త్రానికి పునాదుల్లో ఒకటి.

వర్గాల మొత్తంగా రాయడం

పిల్లలకు ఎక్కువ ఉత్సాహం కలిగించే భాగం ఇది, కారణాంక రూపం ఎంత లోతుగా పనిచేస్తుందో తెలిసేదీ ఇక్కడే. 600005ను రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 4తో భాగిస్తే శేషం 3 వచ్చే సంఖ్య అలా రాయడానికి వీలుకానిదని పైపైన తెలిసే పరీక్ష ఒకటి ఉంది. 600005ను 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి ఆ పరీక్ష అడ్డు చెప్పదు. 774 వరకూ ఒక్కొక్క వర్గాన్నీ తీసివేస్తూ వెతకవలసి వస్తుందేమో అనిపిస్తుంది. కాని నిజమైన నియమం కారణాంకాల్లో ఉంది: 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రతి ప్రధాన కారణాంకమూ సరిసార్లు రావాలి. 7 రెండుసార్లు వచ్చింది, దానితో ఇబ్బంది లేదు. 31, 79 రెండింటికీ శేషం 3, రెండూ ఒక్కొక్కసారే వచ్చాయి. కాబట్టి ఎంత వెతికినా 600005 రెండు వర్గాల మొత్తం కాదు. ఒక్క వర్గాన్నయినా పరీక్షించకుండా వందల ప్రయత్నాలు అనవసరమని తేలిపోయింది.

మూడు వర్గాల సంగతి వేరు. లెజాండ్ర్ 1798లో ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం, 4తో వీలైనన్నిసార్లు భాగించిన తరువాత మిగిలిన సంఖ్యను 8తో భాగిస్తే శేషం 7 వస్తేనే మూడు వర్గాల మొత్తం అసాధ్యం. మన సంఖ్య బేసి, 8తో శేషం 5, కాబట్టి సాధ్యమే. వెతకడానికి అతి పెద్ద వర్గంతో మొదలుపెట్టాలి: 600005 − 774² = 929. 929 ప్రధాన సంఖ్య, 4తో శేషం 1, కనుక రెండు వర్గాల మొత్తంగా తప్పక విడిపోతుంది: 529 + 400, అంటే 23² + 20². ఆ విధంగా 600005 = 774² + 23² + 20². మొదటి ప్రయత్నంలోనే ఫలించింది. నాలుగు వర్గాలైతే 1770లో లాగ్రాంజ్ నిరూపించినట్లు ప్రతి సంఖ్యకూ సరిపోతాయి, పరీక్షించవలసింది లేదు.

త్రిభుజ సంఖ్య అవునో కాదో తెలుసుకోవడానికి 8తో గుణించి 1 కలిపి, వచ్చినది వర్గమేమో చూస్తారు. 4800041 అనేది 2190, 2191 వర్గాల మధ్య పడుతుంది, కాబట్టి కాదు.

అంకెల మీద ఆధారపడే గుణాలు

ఇంతవరకు చూసినవన్నీ సంఖ్య సొంత గుణాలు. దాన్ని ఏ లిపిలో, ఏ ఆధారంలో రాసినా అవి మారవు. పదుల పద్ధతిలో రాయడం వల్ల మాత్రమే కలిగే గుణాలు మరో జాతి, వాటిని వేరే పేజీలో రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం. రెంటినీ కలిపేస్తే ఏది లోతైనదో, ఏది వినోదమో పిల్లలకు తెలియకుండా పోతుంది. అంకెల మొత్తం సంఖ్యను భాగిస్తే దాన్ని హర్షద్ సంఖ్య అంటారు. ఆ పేరు పెట్టిన వారు దేవళాలీలో పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 600005 అంకెల మొత్తం 11 దాన్ని భాగించదు కనుక హర్షద్ కాదు. అంకెల వర్గాలు పదే పదే కూడుతూ పోతే చివరికి 1 వస్తుందా అని చూడటం మరో వినోదం. 600005తో మొదలుపెడితే 61, 37, 58, 89, 145, 42, 20, 4, 16 మీదుగా మళ్లీ 37కే చేరుతుంది, 1కి ఎన్నటికీ రాదు. ద్విసంఖ్యామానంలో ఇది 10010010011111000101, ఇరవై అంకెల్లో పది ఒకట్లు. అక్కడ దీని అంకెల మొత్తం 10, ఆ 10 మాత్రం 600005ను భాగించదు. ఆధారం మార్చగానే పరీక్షించవలసిన భాజకమే మారిపోయింది.

రెండు సంఖ్యల మధ్య సంబంధం

కోడ్‌లను జంటలుగా తీసుకుని గ.సా.భా. కనుక్కోవడం మరో మంచి అభ్యాసం. ట్రిప్లికేన్ 600005, అణ్ణా నగర్ 600040. వీటి తేడా 35. రెండింటినీ భాగించే ఏ సంఖ్య అయినా ఆ తేడానూ భాగించాలి, కాబట్టి గ.సా.భా. 35 భాజకాల్లో ఒకటి కావాలి. 600005ను 5, 7 రెండూ భాగిస్తాయని తెలుసు కనుక 35 కలిపిన 600040ను కూడా భాగిస్తాయి. గ.సా.భా. 35. ఇదే వాదాన్ని కొనసాగిస్తే, 600005 నుంచి ఏడేసి చొప్పున దూరంలో ఉన్న వడపళని 600026, పశ్చిమ మాంబళం 600033 కూడా 7 గుణిజాలని భాగహారం లేకుండానే చెప్పవచ్చు.

ఇంకా పెద్ద సంఖ్యలు

పది పన్నెండు అంకెలు దాటితే చేతి లెక్క కష్టమవుతుంది, కాని ఆలోచన వల్ల దూరం తగ్గుతుంది. 2³² + 1 = 4294967297 ప్రధాన సంఖ్య అని ఫెర్మా భావించాడు. 1732లో ఆయిలర్ దానికి 641 కారణాంకమని చూపాడు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలని తరువాత ఆయనే నిరూపించాడు. ఆ నియమం ఉంటే వరుసగా ప్రయత్నించవలసిన ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదో ప్రయత్నంలో 641 × 6700417 దొరుకుతుంది.

కంప్యూటరు సహాయం తీసుకోవడంలో తప్పు లేదు, పరికరం హద్దు తెలిసి ఉండాలి. స్ప్రెడ్‌షీట్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది, ఆ తరువాతి అంకెలను సున్నాలుగా మార్చేస్తుంది. అటువంటి సంఖ్యను భాగించి శేషం చూస్తే జవాబు నమ్మదగినది కాదు. పైథాన్ పూర్ణసంఖ్యలకు అంకెల పరిమితి పెట్టదు కనుక ఈ పనికి అది తగినది, లైనక్స్ ఉన్నవారికి ఫ్యాక్టర్ అనే ఆదేశం ఉంటుంది.

ప్రధానమా కాదా అని మాత్రమే తెలియాలంటే కారణాంకాలు వెతకకుండా ఫెర్మా చిన్న సిద్ధాంతం (ప్రధాన సంఖ్య భాగించని ఏ సంఖ్యనైనా, ఆ ప్రధాన సంఖ్య కంటే 1 తక్కువైన ఘాతానికి పెంచి దానితో భాగిస్తే శేషం 1) ఆధారంగా పరీక్షించవచ్చు, అయితే అది కొన్ని సంయుక్త సంఖ్యలను పట్టుకోలేదు. రామానుజన్ పేరుతో ప్రసిద్ధమైన 1729 వాటిలో ఒకటి: 7 × 13 × 19. ఈ మూడింటిలోంచీ 1 తీసివేస్తే వచ్చే 6, 12, 18 మూడూ 1728ని భాగిస్తాయి, అందుకే ఆ పరీక్షకు అది ప్రధాన సంఖ్యలా కనిపిస్తుంది. ఇలాంటి సంఖ్యలు అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపణ ప్రచురితమైంది. ఏ మినహాయింపూ లేకుండా, సంఖ్యలోని అంకెల లెక్కతో పోలిస్తే సహేతుకమైన కాలంలో ప్రధానతను నిర్ణయించే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూరుకు చెందిన అగ్రవాల్, కయాల్, సక్సేనా కనుగొన్నారు. ప్రధానమా కాదా తేల్చడం ఒకటి, కారణాంకాలు చేతికి రావడం మరొకటి. రెండో పని ఇప్పటికీ కష్టమే, ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య లిపి పద్ధతి బలాన్ని పరీక్షించడానికి సవాలుగా ఇచ్చిన 250 అంకెల సంఖ్య 2020లో గాని విడిపోలేదు.

అభ్యాసానికి రెండు సంఖ్యలు ఇస్తున్నాను. జార్జ్ టౌన్ కోడ్ 600001లో మొదటి కారణాంకం 19 దగ్గర దొరుకుతుంది, చివరికి 19 × 23 × 1373 రావాలి. 1373 ప్రధానమని చెప్పడానికి 37 వరకూ చూడటం తప్పనిసరి, ఎందుకంటే 37² = 1369. కోడంబాక్కం 600024ను 2³ × 3 × 23 × 1087గా విడదీసి, భాజకాలు 32 అని, తన కంటే చిన్న భాజకాల మొత్తం 966696 అని సరిచూసుకోండి. తరువాత మీ వీధి కోడ్ తీసుకోవచ్చు.